నోట్స్‌లో చదవాల్సిన దావాలు, లీజులు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: అమెరికాలో లిస్టయిన ఒక టెక్ కంపెనీ వార్షిక నివేదిక చదువుతున్నాను. దానిమీద నాలుగు పేటెంటు దావాలు పెండింగులో ఉన్నాయట. బ్యాలన్స్ షీట్‌లో మాత్రం వాటికోసం ఒక్క డాలరూ పక్కన పెట్టలేదు. ఇది దాచడం కాదా?

జవాబు: చాలాసార్లు అది నిబంధన ప్రకారం చేసిందే. అక్కడి అకౌంటింగ్ నిబంధన ఏఎస్‌సీ 450 నష్టం వచ్చే అవకాశాన్ని మూడు మెట్లుగా చూస్తుంది. ‘ప్రాబబుల్’ (రావడానికే ఎక్కువ అవకాశం) అయి, ఎంత పోతుందో లెక్కకు అందితేనే ఖర్చు రాయాలి. ‘రీజనబ్లీ పాసిబుల్’ (అంత ఖాయం కాకపోయినా రావచ్చు) అయితే ఖర్చు రాయరు. నోట్స్‌లో, అంటే లెక్కల వెంట ఇచ్చే వివరణల్లో, దావా సంగతి చెప్పి, ఎంత పోవచ్చో అంచనా ఇవ్వాలి, లేదంటే అంచనా కట్టలేమని చెప్పాలి. ‘రిమోట్’ (అవకాశం చాలా తక్కువ) అయితే సాధారణంగా ఏమీ చెప్పనక్కర్లేదు. కాబట్టి సున్నా చూసి నష్టం రాదనుకోకండి. ఖర్చు రాయాల్సిన మెట్టుకు వ్యవహారం ఇంకా చేరలేదని మాత్రమే దానర్థం.

ఖర్చు రాసిన చోట కూడా అంకెను అలాగే నమ్మకూడదు. నష్టం 2 కోట్ల నుంచి 9 కోట్ల డాలర్ల మధ్య ఉండొచ్చు, అందులో ఏ మొత్తమూ మిగతావాటికన్నా మెరుగైన అంచనా కాదు అనుకుందాం. అమెరికా పద్ధతిలో కనిష్ఠం, అంటే 2 కోట్లు రాస్తారు. అంతర్జాతీయ ప్రమాణం ఐఏఎస్ 37 ప్రకారమైతే మధ్యస్థం 5.5 కోట్లు రాయాలి. దావా ఒకటే, కానీ పుస్తకాల్లో మూడున్నర కోట్ల తేడా.

మీరు చేయాల్సిన పని ఇది. టెన్-కే అనే వార్షిక నివేదికలో ‘లీగల్ ప్రొసీడింగ్స్’ ఐటమ్ 3లో ఉంటుంది. అక్కడ తరచూ ఒక్క వాక్యమే ఉండి, ‘కమిట్‌మెంట్స్ అండ్ కంటింజెన్సీస్’ అనే నోట్ చూడమంటుంది. గత మూడేళ్ల నివేదికల్లో ఆ నోట్ తీసి పక్కపక్కన పెట్టి, మాట ఎక్కడ మారిందో గీత గీయండి. ‘అంచనా కట్టలేం’ అన్నచోట మరుసటి ఏడాది ఒక అంకె కనిపిస్తే కేసు కదిలినట్టే: రాజీ మాటలు మొదలై ఉండొచ్చు, తీర్పు వచ్చి ఉండొచ్చు. ఆ తర్వాత మూడు నెలలకోసారి వచ్చే నివేదికలను, అంటే టెన్-క్యూలను కూడా వదలకండి. లాయర్ల ఫీజులను ఎప్పటికప్పుడు ఖర్చు రాసే కంపెనీలు చాలా ఉన్నాయి. కేటాయింపు సున్నా ఉన్నా ఆ డబ్బు పరిపాలన ఖర్చుల్లోంచి పోతూనే ఉంటుంది.

ప్రశ్న: ఆ పేటెంటే చెల్లదని కంపెనీ పేటెంట్ ఆఫీసులో సవాలు చేసిందట. ఇక దిగులు పడనక్కర్లేదా?

జవాబు: సగం ఊరట మాత్రమే. ఐపీఆర్ (ఇంటర్ పార్టీస్ రివ్యూ) అనే ఆ పిటిషన్‌ను దావా కాగితాలు అందిన ఏడాదిలోపు వేయాలి. గడువు దాటితే ఆ దారి మూసుకుపోతుంది. వేసిన ప్రతిదాన్నీ విచారణకు తీసుకోరు, తోసిపుచ్చే విచక్షణ ఆఫీసుకు ఉంది. తీసుకోవాలా వద్దా అని తేలడానికే సుమారు ఆరు నెలలు పడుతుంది. తీసుకున్నాక తుది నిర్ణయానికి మరో ఏడాది. ఈలోగా కోర్టు కేసు ఆగాలని నియమం లేదు, జ్యూరీ తీర్పు ముందే రావచ్చు. పైగా ఐపీఆర్‌లో ఓడిన కంపెనీ అక్కడ లేవనెత్తిన, లేవనెత్తగలిగిన అభ్యంతరాలను మళ్లీ కోర్టులో వాడుకోలేదు. ఇది చాలామంది గమనించరు.

జ్యూరీ చెప్పిన అంకె కూడా చివరిది కాదు. యాపిల్–శాంసంగ్ కేసులో 2012లో జ్యూరీ 105 కోట్ల డాలర్లు ఇవ్వాలంది. తర్వాత అది తగ్గి, మళ్లీ విచారణలు జరిగి, 2018లో రాజీతో ముగిసింది. మరోవైపు, తెలిసి ఉల్లంఘించారని తేలితే నష్టపరిహారాన్ని జడ్జి మూడింతల వరకూ పెంచవచ్చు. దావాకు ముందు ఆరేళ్ల అమ్మకాల దాకా లెక్కలోకి వస్తాయి.

నా దృష్టిలో పరిహారంకన్నా ముందు చూడాల్సింది ఇన్‌జంక్షన్, అంటే అమ్మకం ఆపమనే ఉత్తర్వు. 2006లో ఈబే కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత అది దానంతటదే రాదు. దావా వేసింది అదే వస్తువు అమ్మే పోటీదారైతే అవకాశం ఎక్కువ, పేటెంట్లు మాత్రమే పెట్టుకున్న సంస్థయితే వ్యవహారం సాధారణంగా డబ్బుతోనే తేలుతుంది. పోలరాయిడ్ 1976లో కోడాక్ మీద దావా వేసింది. 1985లో తీర్పు వచ్చింది. 1986లో కోడాక్ ఇన్‌స్టంట్ కెమెరాల వ్యాపారమే మానుకుంది. 1991లో 92.5 కోట్ల డాలర్లు చెల్లించి బయటపడింది. అందుకే దావాలో ఉన్న వస్తువు కంపెనీ మొత్తం అమ్మకాల్లో ఎంత వాటానో ముందు తేల్చుకోండి.

ప్రశ్న: మా కంపెనీయే ఇంకొకరిమీద దావా వేసింది. గెలిస్తే వచ్చేదాన్ని లెక్కలో వేసుకోవచ్చా?

జవాబు: వద్దు. అకౌంటింగ్ కూడా అలాంటి లాభాన్ని సాధారణంగా చేతికందేవరకూ రాయనివ్వదు.

ప్రశ్న: లీజుల పట్టికలో రాబోయే అయిదేళ్లకు మొత్తం 1 కోటి డాలర్లు ఉంది. బ్యాలన్స్ షీట్‌లో 84.25 లక్షలే. ఏది నిజం?

జవాబు: రెండూ నిజమే. పట్టికలోది కట్టాల్సిన అసలు డబ్బు. బ్యాలన్స్ షీట్‌లోది దాని ఈనాటి విలువ. ఏటా చివర 20 లక్షల చొప్పున అయిదేళ్లు కట్టేదాన్ని 6 శాతం రేటుతో లెక్కిస్తే 84.25 లక్షలు వస్తుంది. మిగతా 15.75 లక్షలను పట్టిక అడుగున ‘ఇంప్యూటెడ్ ఇంట్రస్ట్’ (వడ్డీగా లెక్కగట్టిన భాగం) అని తీసేస్తారు. అదే 9 శాతమైతే బాకీ 77.79 లక్షలకు దిగుతుంది. అద్దెలో ఒక్క డాలరూ తగ్గలేదు, రేటు మారిందంతే! కాబట్టి రెండు కంపెనీలను పోల్చేముందు ‘సగటు డిస్కౌంట్ రేటు’ వరుస చూడండి, ఈ 6, 9 శాతాల్లాంటి రేటు అక్కడే ఉంటుంది. నగదు సరిపోతుందా అన్న ప్రశ్నకైతే డిస్కౌంట్ చేయని అంకెనే వాడండి.

చివరి వరుస ‘థెరాఫ్టర్’లో అన్ని మిగిలిన ఏళ్లనూ కుదించి పెడతారు. అందులో 90 లక్షలు, దాని పై వరుసలో ఒక ఏడాదికి 15 లక్షలు ఉంటే ఇంకో ఆరేళ్లు కట్టాలని ఉజ్జాయింపు. ఇక పట్టిక పైన ‘వేలల్లో’ అని ఉందో లేదో చూడకుండా 12,400 చదివితే, 1.24 కోట్ల డాలర్ల అద్దెను పన్నెండు వేలనుకుంటాం.

పట్టికలోకి రానివీ ఉన్నాయి. అమ్మకాలను బట్టి మారే అద్దె రాదు. 12 నెలలకు మించని లీజును సాధారణంగా వదిలేస్తారు. పొడిగించుకునే హక్కున్నా, పొడిగిస్తారని గట్టి నమ్మకం లేకపోతే ఆ ఏళ్లు కలపరు. సంతకం అయి ఇంకా మొదలుకాని లీజు బ్యాలన్స్ షీట్‌లో ఉండదు, నోట్ చివర ఒక వాక్యంలో ఉంటుంది. కొత్త ఆఫీసు, కొత్త ఫ్యాక్టరీ ఒప్పందాలు ఎక్కువగా అక్కడే దొరుకుతాయి.

ఈ లీజును, పైన చెప్పిన దావాలను కలిపి చూడండి. అమ్మకం ఆగినా అద్దె ఆగదు. అప్పీలుకు వెళ్లేటప్పుడు తీర్పు సొమ్ము వసూలు కాకుండా ఆపాలంటే సాధారణంగా బాండు, అంటే పూచీ పత్రం ఇవ్వాలి. భవనం యజమానికి డిపాజిట్ బదులు బ్యాంకు లెటర్ ఆఫ్ క్రెడిట్ (చెల్లింపుకు బ్యాంకు ఇచ్చే హామీ పత్రం) ఇచ్చే కంపెనీలూ ఉన్నాయి. ఇలాంటివాటికి కట్టేసిన నగదు ‘రెస్ట్రిక్టెడ్ క్యాష్’ అనే వరుసలో కనిపిస్తుంది. చేతిలో ఉన్న నగదు లెక్క వేసేటప్పుడు ఆ మొత్తాన్ని తీసేసి, మిగిలినదాన్ని రాబోయే రెండేళ్ల లీజు చెల్లింపుల పక్కన పెట్టి చూడండి.