మత్తు ఇచ్చినప్పటి అదురు, మర్నాటి నొప్పులు
అపెండిక్స్ ఆపరేషన్‌లో కండరాలను వదులు చేసే సక్సినైల్‌కోలిన్ అనే మందు ఇచ్చినప్పుడు మీ తమ్ముడి కండరాలు అదిరాయని, మర్నాటికి మెడ, భుజాలు పట్టేశాయని రాశారు. కంగారు పడకండి, అది మూర్ఛ కాదు. ఆ మందు నరం పంపే సంకేతంలాగే పనిచేస్తుంది కాబట్టి కండరం ముందు అదిరి, ఆ తర్వాతే పట్టు వదులుతుంది. థియేటర్లో నేను ఎన్నోసార్లు చూశాను. కనురెప్పలు అదురుతాయి, ఛాతీ మీద, పిక్కల్లో చర్మం కింద అలలు పాకినట్టు ఉంటుంది. కాసేపట్లోనే సద్దుమణుగుతుంది. నొప్పులు సాధారణంగా రెండు మూడు రోజుల్లో తగ్గుతాయి. మూత్రం ముదురు గోధుమ రంగులో వచ్చినా, జ్వరం బాగా పెరిగినా, ఒళ్లు బిగుసుకుపోయినా మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. మళ్లీ ఎప్పుడైనా ఆపరేషన్ అవసరమైతే ఈ సంగతి మత్తు డాక్టరుకు ముందే చెప్పండి. దాని బదులు రొక్యురోనియం అనే, కండరాలను వదులు చేసే మరో మందు వాడితే ఈ అదురు ఉండదు.