గట్టు తగాదా పెళ్లింటి దాకా వచ్చినప్పుడు

ప్రశ్న: మావారు, బావగారు ఆరేళ్ల క్రితం వేరుపడ్డారు. పొలం గట్టు జరిపారని ఒకరిమీద ఒకరికి అనుమానం. ఉమ్మడి బోరు దగ్గర మాటామాటా పెరిగి చేయి చేసుకున్నారు, ఇద్దరూ పోలీసు కేసులు పెట్టుకున్నారు. అత్తగారు నెలకొక ఇంట్లో వంతుల మీద ఉంటున్నారు. మాఘమాసంలో బావగారి అమ్మాయి పెళ్లి. పిలిచినా గడప తొక్కవద్దని మావారు అంటున్నారు. నా చేతుల్లో పెరిగిన పిల్ల అది. ఆయనకు చెప్పకుండా వెళ్లనా? వీళ్లను కలిపే దారి ఉందా?
– ఒక సోదరి, గుంటూరు జిల్లా

జవాబు: అమ్మా, చెప్పకుండా మాత్రం వెళ్లకండి. పల్లెటూరి పెళ్లిలో మీరు కనిపించిన సంగతి మీకంటే ముందే ఇల్లు చేరుతుంది; అప్పుడు అన్నగారి మీద ఉన్న కోపానికి మీరు మాట దాచారన్న బాధ కూడా తోడవుతుంది.

మీ ఉత్తరాన్ని బట్టి నాకు రెండు గొడవలు కనిపిస్తున్నాయి. ఒకటి గట్టుది. రెండోది, బోరు దగ్గర పదిమంది చూస్తుండగా జరిగిన అవమానానిది. మొదటిదానికి కొలత ఉంది, రెండోదానికి లేదు. అందుకే మగవాళ్లు తరచూ రెండోదాన్ని మొదటిదాని పేరుతోనే మాట్లాడతారు. మీవారిని ‘అన్నయ్యను క్షమించండి’ అని అడిగితే తప్పంతా తనదేనని ఒప్పుకోమన్నట్టు వినిపిస్తుంది. ‘గట్టు ఎక్కడుందో సర్వేయరు చేత తేల్చుకుందాం’ అంటే వినే అవకాశం ఎక్కువ. హద్దులు చూపించమని మీసేవలో ఎఫ్‌-లైన్‌ పిటిషన్‌ పెడితే, మండల సర్వేయరు పక్క రైతులకు నోటీసిచ్చి, క్షేత్రపటం (రికార్డుల్లోని పొలం కొలతల పటం) ప్రకారం కొలిచి చూపిస్తారు. కొలత ఎటు తేలినా, అది అన్న మాటో తమ్ముడి మాటో కాదు కాబట్టి ఒప్పుకోవడం కొంత తేలిక. బోరుకు మాత్రం కరెంటు ఉండే వేళలను బట్టి వంతులు రాసుకుని, మోటారు మరమ్మతు ఖర్చు ఎవరెంతో కూడా అందులోనే చేర్చి, ఇద్దరూ సంతకాలు చేయడం మంచిది. తగాదాలు ఎక్కువగా మోటారు కాలిపోయిన రోజునే మళ్లీ మొదలవుతాయి.

కేసుల విషయంలో, రాజీకి వీలున్న సెక్షన్లయితే లోక్‌ అదాలత్‌లో ముగించుకోవచ్చు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం అక్కడి అవార్డుకు, అంటే రాజీ తీర్పుకు, సివిల్ కోర్టు డిక్రీకి ఉన్నంత విలువ ఉంటుంది, దానిమీద అప్పీలు ఉండదు. అందుచేత ప్రతి మాటా చదివించుకున్నాకే సంతకం పెట్టాలి. అదే చట్టం కింద, ఆదాయంతో పని లేకుండా, స్త్రీగా మీకు ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది.

మధ్యవర్తిగా ఊళ్లోని ఏ పార్టీ నాయకుడినీ పిలవకండి. రచ్చబండ మీద కూర్చోబెడితే ఇద్దరూ ఊరి మెప్పు కోసం మాట్లాడతారు. మీవారి మేనమామ వంటి, ఇద్దరికీ సమానమైన పెద్దమనిషి ఎవరైనా ఉంటే, ఆయన మొదట రెండిళ్లకూ విడివిడిగా వెళ్లి వినాలి. పాత మాటలను అటూ ఇటూ మోయకుండా, ‘కొలతకు ఒప్పుకుంటావా, ఒప్పుకోవా’ అన్న ఒక్క ప్రశ్నకు జవాబు తేవాలి.

ఇక మీ అత్తగారి సంగతి. ఆమె వంతు మారి వచ్చిన సాయంత్రం, కాళ్లు కడుక్కోకముందే ‘అక్కడ మా గురించి ఏమన్నారు?’ అని అడిగే అలవాటు మీ ఇంట్లో ఉందేమో చూసుకోండి. ఆమె ఏం చెప్పినా ఒక కొడుక్కి ద్రోహమే అవుతుంది. ఆ ప్రశ్నను మీ ఇంట్లో ఆపడానికి ఎవరి అనుమతీ అవసరం లేదు. పిల్లలు దారిలో ఎదురైతే ‘పెదనాన్నా’ అని పిలవడాన్నీ ఆపకండి.

పెళ్లికి ముందు మాత్రం సర్వే దరఖాస్తు పెట్టవద్దు. శుభలేఖలు పంచుతున్న ఇంటికి నోటీసు అందితే, మీ ఉద్దేశం ఎంత మంచిదైనా పెళ్లి చెడగొట్టడానికే చేశారనుకుంటారు. ఇప్పటికి మేనమామగారు మాట మొదలుపెడితే చాలు, దరఖాస్తు పెళ్లయ్యాక పెట్టవచ్చు. మీ తోడికోడలు బొట్టు పెట్టి పిలవడానికి వస్తే, మీవారు ఇంట్లో ఉన్నప్పుడే ఆ బొట్టు పెట్టించుకోండి. ఆ రాత్రే ఆయనతో, ‘మీరు రావాలని నేను బలవంతపెట్టను, కానీ ఆ పిల్ల పసుపు కొట్టే రోజు నేను వెళ్తాను, మీకు చెప్పే వెళ్తాను’ అనండి. ఒకటి రెండు రోజులు ముభావంగా ఉంటే ఉండనివ్వండి. ఆయన గట్టిగా వద్దన్నా గొడవకు దిగకుండా, మీ అత్తగారి చేత పిల్లకు చీర పంపి, మేనమామగారు మరోసారి మాట్లాడే వరకు ఆగండి. అయితే ఆయన మీమీద చేయి చేసుకునే మనిషైతే ఈ సలహా మీకు వర్తించదు. ముందు మీ పుట్టింటివారితో మాట్లాడి, తరువాత నాకు రాయండి.