మచ్చల బిగోనియా: ఆ తెల్లని చుక్కలు తెగులు కావు

నర్సరీవారు పోల్కా డాట్ బిగోనియా అని చెప్పి ఇచ్చిన మొక్కకు ఆకుల మీద తెల్లని చుక్కలు, అడుగున ఎరుపు ఉన్నాయని, ఇది తెగులేమోనని, విశాఖ ఎండకు బతుకుతుందా అని మీరు అడిగారు. ఆరేళ్ల క్రితం నేనూ అలాగే కంగారుపడి, వారం రోజులు వేపనూనె కలిపిన నీళ్లతో ఆకులు తుడిచాను. చుక్కలు చెక్కుచెదరలేదు, నూనె అంటిన ఆకులే ఎండకు మాడిపోయాయి.

దీని శాస్త్రీయ నామం బిగోనియా మాక్యులేటా. లాటిన్‌లో మాక్యులేటా అంటే మచ్చలు గలది. బ్రెజిల్ ఆగ్నేయ ప్రాంతపు వానల అడవులు దీని పుట్టిల్లు; ఇటలీ వృక్షశాస్త్రజ్ఞుడు రాడ్డి 1820లో దీనిని వర్ణించారు. బిగోనియాల్లో ఇలాంటి వెండి మచ్చలు సాధారణంగా, ఆకు పైపొరకూ దాని కిందనున్న పచ్చని కణాలకూ మధ్య గాలి నిండిన సన్నని ఖాళీలుండి, వెలుతురు అక్కడి నుంచే ప్రతిఫలించడం వల్ల ఏర్పడతాయి. బూడిద తెగులైతే వేలితో రాసినప్పుడు తెల్లని పొడి అంటుకుంటుంది. ఈ చుక్కల మీద వేలు శుభ్రంగానే ఉంటుంది. అడుగు ఎరుపు కూడా సహజమైనదే.

పెద్ద చెట్ల నీడన పెరిగే జాతి కనుక మన సముద్రపు తేమ దీనికి ఇష్టమే. చిక్కంతా మధ్యాహ్నపు ఎండతోనూ, మనం జాలిపడి పోసే నీళ్లతోనూ వస్తుంది. లాసన్స్ బే కాలనీలోని మా పడమటి బాల్కనీలో మే నెలలో ఆకుల అంచులు కాగితంలా ఎండిపోతే, దాహమనుకుని రెండు పూటలా నీళ్లు పోసి వేళ్లు కుళ్లబెట్టుకున్నాను. కణుపులున్న ఒక కొమ్మను కోసి గాజు సీసాలో నీళ్లలో ఉంచితే కొద్ది వారాల్లో వేళ్లు వచ్చాయి. ఇప్పుడున్న మొక్క అదే. తూర్పు వైపున, ఉప్పుగాలి నేరుగా తగలకుండా క్రోటన్ల వెనుక పెట్టి, పైమట్టి ఆరాకే నీళ్లు పోస్తున్నాను.

పూత వచ్చినప్పుడు వేలాడే తెల్లని గుత్తిని దగ్గరగా చూడండి: ఒకే మొక్కపై మగపూలు, ఆడపూలు విడివిడిగా ఉంటాయి, ఆడపువ్వు వెనుక మూడు రెక్కల అండాశయం కనిపిస్తుంది. మగపూలు ముందే రాలిపోతాయి, దానికి మందు కొట్టనవసరం లేదు. ఇంట్లో పిల్లి ఉంటే మాత్రం కుండీని దానికి అందకుండా ఉంచండి, ఈ మొక్కలోని ఆక్సలేట్లు దానికి పడవు.