మైక్రోఆల్గే క్రీమ్ రంగు పోయి చేప వాసన వస్తోంది, డోసు పెంచాలా?

పెంచొద్దు. హన్మకొండ నుంచి మీరు రాసినదాంట్లోనే కారణాలున్నాయి: నానోక్లోరాప్సిస్ నూనె సారం 2 శాతం వేశారు, నల్లా నీళ్లు కాచి వాడారు, తెల్ల గాజు సీసాలో పోసి కిటికీ దగ్గర పెట్టారు.

ఈ సముద్రపు మైక్రోఆల్గేలో, అంటే కంటికి కనిపించనంత చిన్న నాచులో, ఈపీఏ అనే ఒమేగా-3 కొవ్వు ఎక్కువ. చేపనూనెలో ఉండేదీ అదే, అందుకే చెడితే చేప వాసన. గాలి తగిలి అది పాడయ్యేటప్పుడు పుట్టే పెరాక్సైడ్లు సారానికి రంగునిచ్చే, యాంటీఆక్సిడెంట్లుగా పనిచేసే కెరోటినాయిడ్లను కూడా విరిచేస్తాయి, రంగు వెలిసిపోతుంది. చర్మం మీద పనిచేయాల్సిన యాంటీఆక్సిడెంట్ సీసాలోనే ఖర్చయిపోయిందన్నమాట. డోసు పెంచితే చెడే కొవ్వు కూడా దాంతోపాటే పెరుగుతుంది.

సారం ముదురు పచ్చగా ఉంటే ఇంకో చిక్కు. అందులోని క్లోరోఫిల్ చీకట్లో పెద్దగా హాని చేయదు గానీ, వెలుగు పడితే మామూలు ఆక్సిజన్‌ను చురుకైన రూపంలోకి మార్చి నూనెను ఇంకా త్వరగా చెడగొడుతుంది. క్లోరోఫిల్ తీసేసిన సారం అడిగి కొనండి. కొనేటప్పుడు జాతి పేరు, అసలు పదార్థం శాతం, పెరాక్సైడ్ విలువ (నూనె ఎంత చెడిందో చెప్పే అంకె) ఉన్న పరీక్ష పత్రం అడగండి. సముద్రపుదని చెప్పి అమ్మే ఆస్టాజాంథిన్ అనే ఎర్రటి కెరోటినాయిడ్ చాలాసార్లు హెమటోకాకస్ అనే నాచు నుంచి తీసినదే, అది మంచినీళ్లలో పెరుగుతుంది. బీటా కెరోటిన్ ఇచ్చే డునాలియెల్లా మాత్రం నిజంగా ఉప్పునీటిది.

100 గ్రాముల క్రీమ్‌కు ఈ కొలత నమ్మకమైనది. డిస్టిల్డ్ వాటర్ 74.2 గ్రాములు, గ్లిజరిన్ 4, డైసోడియం ఈడీటీఏ 0.1 ఒక గిన్నెలో. క్యాప్రిలిక్ ట్రైగ్లిజరైడ్ 12, ఎమల్సిఫైయింగ్ వ్యాక్స్ 6, సెటైల్ ఆల్కహాల్ 2 ఇంకో గిన్నెలో. రెండింటినీ 70-75 డిగ్రీలకు వేడిచేసి కలపండి. బ్లెండర్ తల పూర్తిగా మునిగి ఉండాలి, నురగ వచ్చిందంటే గాలిని మీరే లోపలికి కొడుతున్నట్టు. 40 డిగ్రీల కిందికి దిగాక సారం 0.5 గ్రాములు, టోకోఫెరాల్ (విటమిన్ ఇ) 0.2 ముందే కలిపిపెట్టుకున్నది పోసి, ఆఖరున క్రీమ్‌లో సూక్ష్మజీవులు పెరగకుండా ఫినాక్సీఇథనాల్, ఇథైల్‌హెక్సైల్ గ్లిజరిన్ మిశ్రమం 1 గ్రాము. మే నెలలో వరంగల్ గదుల్లో దానంతట అది ఆ వేడికి త్వరగా దిగదు, గిన్నెను చల్లనీళ్లలో పెట్టి నెమ్మదిగా కలుపుతూ ఉండండి.

నల్లా నీళ్లు కాచినా అందులో కరిగిన ఇనుము, రాగి పోవు. అవి చిటికెడున్నా ఆక్సీకరణను ఎగదోస్తాయి. ఈడీటీఏ వాటిని పట్టి ఉంచుతుంది. రాగి గిన్నె, ఇనుప గరిటె వద్దే వద్దు, స్టీలు లేదా గాజు వాడండి. సన్‌ఫ్లవర్, అవిసె నూనెలు కూడా వేయకండి, అవీ త్వరగా చెడతాయి.

ఎక్కువమంది తప్పు చేసేది విటమిన్ ఇ దగ్గర. మందుల షాపులో దొరికే పచ్చ క్యాప్సూల్‌లో సాధారణంగా ఉండేది టోకోఫెరిల్ అసిటేట్. దాన్ని కత్తిరించి పిండినా సీసాలో నూనెను కాపాడలేదు, ఎందుకంటే పనిచేసే భాగం మూసుకుపోయి ఉంటుంది. మీకు కావాల్సింది విడి టోకోఫెరాల్. అది మంచిదని గుమ్మరించకండి, మోతాదు మించితే ఉల్టా పనిచేస్తుంది.

గాలి వెనక్కి వెళ్లని పంపు సీసా లేదా అల్యూమినియం ట్యూబు వాడండి. వెడల్పు మూత డబ్బాలో తెరిచిన ప్రతిసారీ కొత్త గాలి చేరుతుంది.

పరీక్షకు అదే బ్యాచ్ మూడు చిన్న సీసాల్లో పోయండి: ఒకటి ఫ్రిజ్‌లో, ఒకటి మూసిన అలమరలో, ఒకటి కిటికీ దగ్గర. వారానికోసారి ఒక్కో బొట్టు తెల్ల టైలు మీద పక్కపక్కన రాసి చూడండి. కిటికీ దగ్గరిది మాత్రమే వెలిస్తే తప్పు వెలుగుది. అలమరలోదీ వెలిస్తే గాలి, లోహాలు లేదా అక్కడి వేడి. ఫ్రిజ్‌లోదీ వాసన వస్తే సారం బహుశా కొన్నప్పుడే చెడి ఉంది, వెనక్కి ఇచ్చేయండి.

అమ్మేవాళ్లు చూపించే డీపీపీహెచ్ శాతాలకు మురిసిపోకండి. అది యాంటీఆక్సిడెంట్ బలాన్ని కొలవడానికి మిథనాల్‌లో డీపీపీహెచ్ అనే రసాయనం ఊదారంగు తగ్గడాన్ని 517 నానోమీటర్ల కాంతి దగ్గర చూసే పరీక్ష. సారానికి సొంత రంగుంటే లెక్క తప్పుతుంది, చర్మంలోకి ఎంత వెళ్తుందో అది చెప్పదు. ఎండకు సన్‌స్క్రీన్ ఎలాగూ వేరే రాసుకోవాల్సిందే. ఈ క్రీమ్ అమ్మాలనుకుంటే కాస్మెటిక్స్ రూల్స్ 2020 కింద తయారీ లైసెన్స్ ముందు తీసుకోండి.