కొడుక్కి మీరు పాఠం చెప్పకండి

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి. రోజూ రాత్రి 9 నుంచి 11 దాకా నేనే కూర్చోబెట్టి లెక్కలు చెబుతాను. చైనా పిల్లల క్రమశిక్షణ గురించి చదివి, కన్‌ఫ్యూషియస్ సూక్తుల పుస్తకం తెచ్చి, రోజుకొకటి పదిసార్లు రాయిస్తున్నాను. ఎదురు చెప్పడం పెరిగిందే తప్ప తగ్గలేదు. నెలరోజులుగా నాతో మాటల్లేవు, ఏం కావాలన్నా వాళ్లమ్మతోనే. మా బావమరిది ఈ ఊళ్లోనే లెక్కల లెక్చరర్. గృహప్రవేశానికి సరిగా పిలవలేదని రాకపోకలు మానేశాడు, అతన్ని అడగలేను. తండ్రి మాట వినాలంటే చైనా పుస్తకాల్లో ఇంకేది చదివించాలి?
- ఒక ఇంజనీరు, విజయవాడ

జవాబు: ఏదీ వద్దు. ఉన్న పుస్తకం కూడా తీసి అల్మారాలో పెట్టేయండి. పదిసార్లు రాయిస్తే అది శిక్షే, సూక్తి కాదు. పదిహేనేళ్ల వాడికి ఆ తేడా బాగానే తెలుస్తుంది.

తండ్రి మాట జవదాటకూడదన్నంత వరకే మీరు చైనా నుంచి తెచ్చుకున్నారు. తండ్రికి వాళ్లు పెట్టిన హద్దు అక్కడే వదిలేశారు. క్రీ.పూ. 4వ శతాబ్దంలో, కన్‌ఫ్యూషియస్ బాటలోనే నడిచిన తత్వవేత్త మెన్షియస్‌ని గోంగ్‌సున్ చౌ అనే శిష్యుడు అడిగాడు: పెద్దమనుషులు సొంత కొడుక్కి తామే ఎందుకు చదువు చెప్పరు? చెప్పేవాడు తప్పు దిద్దాలి, దిద్దినా మారకపోతే కోపం వస్తుంది, అప్పుడు కొడుకు ‘నాకు చెప్పే నాన్న తను మాత్రం అలా ఉంటున్నాడా’ అనుకుంటాడు, ఇద్దరికీ గాయమే అన్నాడాయన. అందుకే పూర్వం ఒకరి పిల్లలకు ఒకరు చదువు చెప్పుకునేవారట. మంచిగా ఉండమని నిలదీసుకోవడం స్నేహితుల మధ్య చెల్లుతుంది గానీ, తండ్రీకొడుకులకు అంతకంటే చేటు లేదని ఇంకోచోట కూడా అన్నాడు.

మీరు కొలిచే కన్‌ఫ్యూషియస్ ఇంట్లో ఏం జరిగిందో చూడండి. మీ నాన్నగారు మాకు చెప్పనివి నీకేమైనా చెప్పారా అని ఆయన కొడుకు బోయుని చెన్ కాంగ్ అనే అతను ఆరా తీశాడు. లేదన్నాడు బోయు. ఓరోజు నాన్న ఒక్కరే నిలబడి ఉంటే వాకిట్లో నుంచి గబగబా వెళ్తున్నాను, ‘గీతాలు (పాత చైనా కవితల సంకలనం) చదివావా’ అన్నారు, ఇంకా లేదన్నాను, ‘అవి రాకపోతే మాట్లాడటం రాదు’ అన్నారు, వెళ్లి చదువుకున్నాను. మరోరోజు మర్యాదల గురించి ఇలాగే. రెండే సార్లు! పెద్దమనిషి కొడుకుని కాస్త దూరంలో ఉంచుతాడని తెలిసిందని చెన్ కాంగ్ సంతోషించాడు. మీరేమో రాత్రికి రెండు గంటలు వాడి మోచేతి పక్కనే.

ఇక చైనా పిల్లల ఆ ‘క్రమశిక్షణ’లో సగం పరీక్ష భయం. 2024లో అక్కడి కాలేజీ ప్రవేశ పరీక్ష గావ్‌కావ్‌కి 1 కోటి 34 లక్షల మంది పేర్లిచ్చారు. తొమ్మిదో తరగతి వరకు పిల్లలకు శని, ఆదివారాల్లో, సెలవుల్లో స్కూలు సబ్జెక్టుల ట్యూషన్లు పెట్టకూడదని 2021 జులైలో ప్రభుత్వమే ఉత్తర్వు ఇస్తే, అవి చాటుగా ఇళ్లలోకి చేరాయి.

మీరు చక్కబెట్టుకోవాల్సింది బావమరిదితో. లెక్కల మేష్టారు సొంత మేనమామ అయి ఉండి, ఒక పిలుపు పట్టింపు కోసం పిల్లాడి పదో తరగతి పణంగా పెడుతున్నారు. పిలవాల్సింది మీరే కాబట్టి తగ్గాల్సిందీ మీరే, ఇందులో నాకు రెండో మాట లేదు.

వారానికి మూడు రోజులు, గంటన్నర చొప్పున, వాళ్లింట్లోనే చెప్పించండి. మీ ఇంట్లో పెడితే మీరు గుమ్మంలో నిలబడతారు. అతను ఫీజు తీసుకోడు. వాళ్ల పిల్లలకు ఫిజిక్స్‌లో మీ సాయం కావాలేమో అడగండి, రుణం ఉండదు. మొదటి స్లిప్ టెస్టులో మార్కులు తగ్గొచ్చు, ఇన్నాళ్లూ లెక్క మొదటి స్టెప్పు మీరే వేసిపెట్టారు కాబట్టి. అప్పుడు మీ చెయ్యి ఫోన్ మీదికి వెళ్తుంది, వెళ్లనివ్వకండి. ఎలా చదువుతున్నాడో పదిహేను రోజులకోసారి, వాడు లేనప్పుడు కనుక్కోండి. మామయ్య మీ తరఫు వేగు అనుకున్నాడంటే ఆ ఇల్లూ మూసుకుపోతుంది. అన్నం దగ్గర మార్కుల ఊసు వద్దు. చదువు గురించి అడగక తప్పకపోతే ఒక్క ప్రశ్న వేసి ఊరుకోండి.

ఇప్పటికే వాడికీ మీకూ మధ్య మీ ఆవిడ కబుర్లు మోస్తోంది. బావమరిదికి ఫోన్ కూడా ఆవిడతో చేయించకండి. మీరే చేయండి, ఈ ఆదివారం లోపు.