పాత ఫోన్ నీకు పంపిస్తూ

చి. అమ్మలుకి, పెదనాన్న ఆశీస్సులు.

నా పాత ఫోన్ పంపిస్తున్నాను. "ఇందులో ఫొటోలేం వస్తాయి పెదనాన్నా" అని నువ్వు ముఖం ముడుచుకోకముందే కొంచెం చెప్పనీ. ఐదేళ్లు దాంతోనే కాపురం చేశాను, దాని గుణాలన్నీ నాకు తెలుసు.

వెనకాల 48 మెగాపిక్సెల్ అని రాసి ఉంటుంది. చూసి మురిసిపోకు. 2018లో సోనీ 48 మెగాపిక్సెళ్ల సెన్సర్‌ని, అంటే వెలుతురుని పట్టే చిప్‌ని, ప్రకటించినప్పుడు అందులో ఒక్కో పిక్సెల్ (ఫొటోలో ఒక చుక్క) 0.8 మైక్రాన్లే. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అంత చిన్న గదిలో వెలుతురు ఎంతని పడుతుంది? అందుకే ఇలాంటి ఫోన్లు నాలుగేసి పిక్సెళ్లను ఒకటిగా కలిపి 12 మెగాపిక్సెళ్ల ఫొటో ఇస్తాయి. నువ్వూ దాన్నలాగే ఉంచెయ్. మంచి ఎండలో తీసి, తర్వాత పెద్దది చేసి చూసుకోవాలనుకుంటేనే 48 మోడ్ పెట్టు. పక్కనున్న రెండు చిన్న కెమెరాలు లెక్కకే గానీ పనికి కాదు. పువ్వుని దగ్గరగా తియ్యాలంటే మాక్రో జోలికి పోకు. మెయిన్ కెమెరాతో కాస్త దూరం నుంచి తీసి, క్రాప్ చేసుకో.

అన్నిటికంటే ముందు లెన్స్ తుడు. రాత్రి దీపాల ఫొటో తీస్తే ప్రతి దీపం నుంచీ తెల్లటి గీతలు సాగుతున్నాయని కెమెరా పాడైందనుకున్నాను ఒకసారి. తీరా చూస్తే లెన్స్ మీద నా వేలి జిడ్డు! శుభ్రమైన మెత్తటి నూలు గుడ్డతో తుడిస్తే సరిపోయింది.

కిటికీ ముందు కూర్చున్నవాళ్లని తీస్తే ముఖం నల్లగా వస్తుంది. స్క్రీన్ మీద ఆ ముఖాన్నే వేలితో తాకు. పక్కన చిన్న సూర్యుడి బొమ్మ వస్తుంది, దాన్ని పైకి జరిపితే వెలుతురు పెరుగుతుంది. అయినా వాళ్లని లేపి కిటికీ వైపు తిప్పి కూర్చోబెట్టడమే సులువు.

అసలు చిక్కంతా సాయంత్రం ఇంట్లో తీసేటప్పుడే. వెలుతురు చాలక షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంటుంది, ఈలోగా నీ చెయ్యి వణికినా, ఎదుటివాళ్లు కదిలినా బ్లర్. మోచేతులు పక్కటెముకలకి ఆనించి పట్టుకో, గోడ దొరికితే ఒరిగి నిలబడు. వస్తువులకైతే ఫోన్‌ని దేనికైనా ఆనించి, 3 సెకన్ల టైమర్ పెట్టు. పిల్లలు టైమర్‌కి ఆగరు కదా, వాళ్లు ఆగే క్షణం నువ్వే కనిపెట్టాలి. ఉయ్యాల పైకి వెళ్లి వెనక్కి తిరిగేముందు ఒక్క క్షణం ఆగుతుంది చూడు, అప్పుడు నొక్కాలి. రీలుకి 36 ఫొటోలే ఉన్న రోజుల్లో నేర్చుకున్నాను ఇది. అప్పట్లో ఒక్క క్లిక్ వృథా అయినా ప్రాణం ఉసూరుమనేది.

జూమ్ చెయ్యకు, నాలుగడుగులు ముందుకి వెయ్యి. ఈ ఫోన్‌లో జూమ్ అంటే ఉన్న బొమ్మనే కోసి సాగదీయడం. ఫ్లాష్ రెండు మూడు మీటర్లు దాటదు, వెనక వరసలో కూర్చుని స్టేజి మీదకి వేస్తే ముందువాళ్ల జుట్టే మెరుస్తుంది. మంచి ఫొటోని వాట్సాప్‌లో పంపాలంటే డాక్యుమెంట్‌గా పంపు, లేకపోతే నలిగిపోతుంది.

ఇక ఫోన్ సంగతి. మెమరీ నిండేకొద్దీ హ్యాంగ్ అవుతుంది, నాలుగైదు జీబీ ఎప్పుడూ ఖాళీ ఉంచు. బ్యాటరీ ముసలిదైంది. 15 శాతం దగ్గర కెమెరా, ఫ్లాష్ ఒకేసారి వాడావంటే చప్పున ఆఫ్ అయిపోవచ్చు. కంగారు పడకు, ఛార్జింగ్ పెట్టు. వెనక మూత ఉబ్బినట్టు కనిపిస్తే మాత్రం ఛార్జింగ్ పెట్టకుండా వెంటనే వాడటం ఆపెయ్. ఎఫ్ఎం వినాలంటే వైరున్న ఇయర్‌ఫోన్ గుచ్చాలి, ఆ వైరే దానికి యాంటెనా. సెక్యూరిటీ అప్‌డేట్లు రావడం ఆగిపోయాయి కాబట్టి బ్యాంకు యాప్‌లు ఇందులో వెయ్యొద్దు.

నెలకోసారి ఫొటోలు వేరేచోటికి కాపీ చేసుకో. దీనికి ముందున్న ఫోన్ బోర్డు పోయి రెండేళ్ల ఫొటోలు పోగొట్టుకున్నాను, ఇప్పటికీ గుర్తొస్తే బాధే.

అన్నట్టు, వాల్యూమ్ బటన్‌తో కూడా క్లిక్ చెయ్యొచ్చు. కింది బటన్ కాస్త మొరాయిస్తుంది, పైదే నొక్కు.

ఇట్లు,
పెదనాన్న