బండి తాళం చేతికిచ్చే ముందు
రోడ్డు భద్రత – పాఠకుల ప్రశ్నలకు విశ్రాంత మోటారు వాహనాల తనిఖీ అధికారి సమాధానాలు

ప్రశ్న: మా అబ్బాయికి పదహారేళ్లు నిండాయి. ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాడు. కాలేజీ మా ఊరికి 9 కిలోమీటర్ల దూరం. ఉదయం బస్సు అందడం లేదని, తోటివాళ్లందరూ బండ్ల మీదే వస్తున్నారని స్కూటరు కొనమంటున్నాడు. మావారు కూడా ‘ఎప్పటికైనా నేర్చుకోవలసిందే కదా, చిన్నతనంలోనైతే చేయి త్వరగా తిరుగుతుంది’ అంటున్నారు. పదహారేళ్లకే లైసెన్సు ఇస్తారని విన్నాను. నిజమేనా? ఇప్పుడే నేర్పించవచ్చా?
– ఒక తల్లి, తెనాలి మండలం

జవాబు: అమ్మా, మీరు విన్నదానిలో సగమే నిజం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం బండి నడపడానికి 18 ఏళ్లు నిండాలి. ఇంజిను సామర్థ్యం 50 సీసీ మించని ద్విచక్ర వాహనానికి మాత్రం పదహారేళ్లు చాలు. అప్పుడు కూడా తల్లిదండ్రులు రాతపూర్వకంగా సమ్మతి తెలపాలి. అయితే ఇప్పుడు మీరు కొనబోయే పెట్రోలు స్కూటర్లు దాదాపు అన్నీ 100 సీసీ పైబడినవే. పల్లెల్లో పాలక్యాన్లు మోసే మోపెడ్ కూడా 50 సీసీ దాటినదే. అంటే ఆ వెసులుబాటు చట్టంలో ఉందే కాని మీ అబ్బాయికి అక్కరకు రాదు. గంటకు 25 కిలోమీటర్లు మించకుండా, 250 వాట్ల లోపు మోటారుతో నడిచే చిన్న విద్యుత్ స్కూటర్లకు లైసెన్సు అవసరం లేదన్న మాట నిజమే. కాని లారీలు తిరిగే రోడ్డు మీద తొమ్మిది కిలోమీటర్లు దాని మీద పంపమని నేను చెప్పలేను.

మీ వారికి చూపించవలసిన నిబంధన ఇంకొకటి ఉంది. 2019 సవరణతో చేరిన 199ఎ సెక్షన్ ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే, తనకు తెలియకుండా జరిగిందనో, ఆపడానికి తగినంత జాగ్రత్త తీసుకున్నాననో నిరూపించుకోలేకపోయిన తండ్రికి లేదా బండి యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడతాయి. బండి రిజిస్ట్రేషన్ పన్నెండు నెలలు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు నిండేవరకు లెర్నర్ లైసెన్సు కూడా ఇవ్వరు. ప్రమాదంలో ఎదుటివారికి దెబ్బ తగిలితే బీమా సంస్థ వారికి పరిహారం చెల్లించినా, లైసెన్సు లేని మైనరుకు బండి ఇచ్చినందుకు ఆ సొమ్మును యజమాని నుంచి తిరిగి రాబట్టుకునే అవకాశం ఉంది. ఒక్క ప్రమాదానికి పొలం అమ్ముకున్న కుటుంబాలను నా ఉద్యోగ కాలంలో చూశాను.

ఇక ‘చేయి తిరగడం’ గురించి. నా అనుభవంలో చేయి తిరగడం ఏనాడూ కష్టం కాలేదు. పదహారేళ్ల కుర్రవాడికి బ్యాలెన్సు, యాక్సిలరేటరు, బ్రేకు రెండు రోజుల్లో వచ్చేస్తాయి. రానిది అంచనా. ఒక ఉదాహరణ చూడండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు పదహారు మీటర్లకు పైగా పోతుంది. ఎదురుగా అదే వేగంతో లారీ వస్తుంటే ఇద్దరి మధ్య దూరం సెకనుకు 33 మీటర్ల చొప్పున తరుగుతుంది. ముందున్న ట్రాక్టరును దాటడానికి ఆరు సెకన్లు పట్టిందనుకుంటే, ఆ కాస్త సేపట్లో 200 మీటర్లు కరిగిపోతాయి. ‘లారీ చాలా దూరంలో ఉందిలే’ అని బయటికి తీసిన కుర్రవాడికి ఈ లెక్క తెలియదు. బండి బాగా నడపడం వచ్చినకొద్దీ ఆ ధైర్యం ఇంకా పెరుగుతుంది.

కనుక బండి ఇవ్వకుండానే ఇప్పుడే నేర్పగలిగింది ఒకటుంది. తండ్రి వెనుక హెల్మెట్ పెట్టుకుని కూర్చున్నప్పుడు, ముందు ఏం జరగబోతోందో పైకి చెప్పమనండి. ఆగిన బస్సు ముందు నుంచి ఎవరైనా రోడ్డు దాటవచ్చు. సందు మొదట్లో ఆటో ముందుచక్రం ఇటు తిరిగి ఉంటే అది కదలబోతున్నట్టు. మీ వైపు కోతల కాలంలో సగం రోడ్డు మీద మొక్కజొన్న ఆరబోసి, చుట్టూ రాళ్లు పేరుస్తారు. మునిమాపు వేళ గింజల రంగూ రోడ్డు రంగూ కలిసిపోతాయి, ఆ రాళ్లు కంటపడేసరికి బ్రేకు వేసే వ్యవధి ఉండదు. వెనుక లైటు లేని ట్రాక్టరు ట్రక్కు కూడా అంతే. మొదట్లో మీ వాడికి తండ్రి చూసినదాంట్లో సగం కూడా కనబడదు. నాలుగైదు నెలల తరువాత తండ్రి కంటే ముందే చెబుతాడు. పద్దెనిమిది నిండాక ఆ కుర్రవాడికి బండి నేర్పడం సులువు. అంతవరకు బస్సు పాసు, లేదా సైకిలు. తోటి పిల్లల తల్లిదండ్రులు నలుగురు కలిసి ఒక ఆటో మాట్లాడుకోవడం ఇంకా మేలు.

ప్రశ్న: మా అమ్మాయికి 18 నిండాయి. పదిహేను రోజుల్లో కారు నేర్పి, లైసెన్సు కూడా ఇప్పిస్తామని డ్రైవింగ్ స్కూలు వారు అంటున్నారు. అది సరిపోతుందా?
– ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: లైసెన్సుకు సరిపోవచ్చు, రోడ్డుకు చాలదు. ఎల్ఎల్ఆర్ (లెర్నర్ లైసెన్సు) తీసుకున్న 30 రోజులకు గాని పక్కా లైసెన్సు పరీక్షకు వెళ్లే వీలు లేదు. ఎల్ఎల్ఆర్ గడువు మాత్రం ఆరు నెలలు. అందరూ ముప్పై ఒకటో రోజు కోసం చూస్తారు, నేనైతే ఆ ఆరు నెలలనూ వాడుకోమంటాను. 2021లో గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాలకు కేంద్రం నిర్దేశించిన తేలికపాటి వాహనాల కోర్సు కూడా 29 గంటలది. రోజుకు అరగంట చొప్పున పదిహేను రోజులంటే ఎన్ని గంటలవుతాయో మీరే లెక్కవేసుకోండి.

స్కూలు కారులో ఒక చిక్కుంది. శిక్షకుడి కాళ్ల దగ్గర రెండో జత క్లచ్, బ్రేకు ఉంటాయి. మీ అమ్మాయి ఆలస్యంగా బ్రేకు వేసిన ప్రతిసారీ ఆయన పాదం ముందే పని చేస్తుంది, కారు ఎంతో మెత్తగా ఆగిందని ఆమె సంతోషిస్తుంది. మా పరీక్షా మైదానంలోనూ లోపం లేకపోలేదు. ఎనిమిది ఆకారంలో తిప్పడం, వెనక్కు తీయడం, ఎత్తు మీద ఆపి కదిలించడం చూసి ఉత్తీర్ణులను చేశాను. వర్షంలో, రాత్రిపూట వాళ్లు ఎలా నడుపుతారో చూసే అవకాశం నాకు ఏనాడూ రాలేదు.

శిక్షణ పేరుతో జరిగేదంతా మేలే చేస్తుందని కూడా అనుకోవద్దు. అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని డీకాల్బ్ కౌంటీలో వేలాది హైస్కూలు విద్యార్థుల మీద పెద్ద పరిశీలన జరిపితే, బడిలో ఇచ్చిన డ్రైవింగ్ శిక్షణ వల్ల ప్రమాదాలు చెప్పుకోదగినంతగా, నిలకడగా తగ్గినట్టు తేలలేదు. నార్వేలో జారుడు రోడ్డు మీద బండిని అదుపు చేయడం నేర్పితే యువకుల ప్రమాదాలు తగ్గకపోగా పెరిగాయి, నేర్పుతోపాటు అతివిశ్వాసం కూడా వచ్చి చేరింది. అందుకే చాలా దేశాలు కొత్త డ్రైవర్లకు దశలవారీగా స్వేచ్ఛ ఇచ్చే పద్ధతిని ఎంచుకున్నాయి. న్యూజిలాండ్ 1987లోనే దీన్ని అమలు చేసింది. మన చట్టంలో అటువంటి దశలు లేవు. ఇంట్లో మీరే పెట్టుకోవచ్చు. స్కూలు పూర్తయ్యాక లైసెన్సు ఉన్న మీరు పక్కన కూర్చుని, ‘ఎల్’ బోర్డు పెట్టించి, మొదటి నెల పగటిపూట ఊళ్లో, తరువాత వానలో, ఆ తరువాత రాత్రిపూట, చివరికి హైదరాబాద్ రహదారి మీద నడిపించండి. లైసెన్సు వచ్చిన కొత్తలోనే ప్రమాదాలు ఎక్కువ కాబట్టి, మొదటి ఆరు నెలలు కారు నిండా స్నేహితులతో వెళ్లవద్దని కూడా చెప్పండి. ఒక్క మనవి, పక్కన కూర్చుని గట్టిగా కేకలు వేయకండి. భయపడిన చేయి స్టీరింగును ఎటు తిప్పుతుందో మీరు ఊహించలేరు.

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటాం. మా అబ్బాయికి పదిహేనేళ్లు. టెక్సాస్‌లో తల్లిదండ్రులే నేర్పే కోర్సు ఉంది కదా, అది తీసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: నిరభ్యంతరంగా తీసుకోవచ్చు, మీకు నిజంగా తీరిక ఉంటే. అక్కడ లెర్నర్ లైసెన్సు కనీసం ఆరు నెలలు చేతిలో ఉండాలి. కోర్సు పాఠాలు కాక 30 గంటల అభ్యాసం, అందులో 10 గంటలు రాత్రిపూట చేయించాలి. ఆ తరువాత వచ్చే తాత్కాలిక లైసెన్సుతో, కుటుంబ సభ్యులు కాని 21 ఏళ్లలోపు వారిని ఒక్కరికి మించి ఎక్కించుకోకూడదు. అర్ధరాత్రి నుంచి తెల్లవారుజామున 5 దాకా నడపకూడదు, ఉద్యోగం, చదువు, అత్యవసరం వంటివి మినహాయింపు. మీరు ఎడమవైపు నడపడం నేర్చుకున్నవారైతే, ఎడమ మలుపు తిరిగేటప్పుడు మీ పాత అలవాటు పిల్లవాడికి అంటకుండా చూసుకోండి. గంటలు నమోదు చేసే కాగితం తల్లిదండ్రుల సంతకంతోనే చెల్లుతుంది. అందులో ఆ పది రాత్రి గంటలు నడపకుండానే నడిపినట్టు రాయడం చాలా సులువు. చలికాలంలో సాయంత్రం ఆరింటికే చీకటి పడుతుంది కనుక, కిరాణా దుకాణానికి వెళ్లేటప్పుడు తాళం వాడి చేతికే ఇవ్వండి.